మోకాలు ఎవరిది?

ఇంట్లో ఎవరికైనా కాలు విరిగిందనుకోండి, చూడవచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది నోట మొదట వచ్చే మాట "కదలకు" అన్నదే. బత్తాయిపళ్ళు తెచ్చినవాళ్ళూ అదే అంటారు, వట్టిచేతులతో వచ్చినవాళ్ళూ అదే అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ మోకాలి చిప్ప విరిగి, ఆపరేషనై, ఇక కాలు వంచటం మొదలుపెట్టమని డాక్టరు చెప్పి పంపిన మనిషికి అంతకన్నా అపకారం చేసే మాట మరొకటి ఉండదని, 13 వారాలుగా మంచానికీ గోడకీ మధ్య కాలం గడుపుతున్న నేను ధైర్యంగా చెప్పగలను. చేతిలో పనిలేని మనిషికి ఆలోచనలు ఎక్కువ కదా! ఒకరి బాధ చూడలేక "వద్దులే, పడుకో" అనటం దయా? బాధపడుతుందని తెలిసీ "ఇంకాస్త వంచు" అనటం దయా? చిన్నప్రశ్నలాగే ఉంటుంది. పిల్లల పెంపకం దగ్గర్నుంచి ముసలివాళ్ళ సేవ దాకా ప్రతి సంసారంలోనూ రోజుకోసారైనా ఎదురయ్యే ప్రశ్నే ఇది.

అసలు మన భాషకి మోకాలంటే మొదటినుంచీ చులకనే. పొంతనలేని మాటలాడితే బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టావంటాం. జరిగే పనిని చెడగొడితే మోకాలడ్డావంటాం. తెలివితక్కువవాళ్ళకి మెదడు మోకాల్లో ఉందంటాం. ఇన్ని మాటలు పడ్డ ఆ మోకాలి ముందు అరచేతిలో ఇమిడిపోయే చిన్న చిప్ప ఒకటుంది. అది చేసే పనేమిటో విరిగేదాకా ఎవరికీ పట్టదు. పాతకాలపు బావిమీద గిలక చూసే ఉంటారు. తొడ ముందున్న పెద్ద కండరం తాడయితే, ఈ చిప్ప గిలక. గిలక లేకపోయినా తాడుతో నీళ్ళు తోడవచ్చు గానీ తోడేవాళ్ళ రెక్కలు విరుగుతాయి. ఈ సంగతి వైద్యులకే ఒక పట్టాన ఎక్కలేదట! 1930ల్లో ఇంగ్లండులో కొందరు సర్జన్లు ఈ చిప్ప వల్ల ప్రయోజనమేమీ లేదనీ, విరిగితే ఏకంగా తీసిపారేస్తే సరిపోతుందనీ వాదించారు. తీసేశారు కూడా. ఆ తర్వాత చూసుకుంటే కాలు చాచే బలం బాగా తగ్గిపోయిందని తేలింది. కనబడకుండా పనిచేసేవాళ్ళ విలువ... వద్దులెండి, ఇక్కడ పోలిక చెప్పబోయి ఊరుకుంటున్నాను. ఇది చదివే మీకు ఆ పోలిక నేను చెప్పాలా?

మోకాలి చిప్ప విరిగితే రెండు ముక్కలనీ పైకండరం ఒక వైపు, కింది పట్టీ ఒక వైపు లాగుతాయి. అందుకే పైనుంచి ఎంత గట్టిగా కట్టినా ముక్కలు కలవవు. 1877లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జను, చర్మం చిట్లని మోకాలిని కోసి, విరిగిన చిప్పని వెండితీగతో కలిపి కట్టాడు. ఆ రోజుల్లో అది మహా సాహసం. కోస్తే చీము పడుతుంది, చీము పడితే కాలో ప్రాణమో పోతుంది. క్రిములని చంపే మందుతో గాయాన్ని శుభ్రంగా ఉంచవచ్చని నమ్మిన మనిషి కనుక ఆయన తెగించాడు. ఇప్పుడు నా మోకాలిలో ఉన్న తీగ ఆ వెండితీగకి మునిమనవరాలన్న మాట.

ఈ తీగ సంగతి ఒకటి చెప్పాలి. వంచితే ముక్కలు విడిపోతాయేమోనని మొదటివారమంతా నాకు వణుకు. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఆ తీగని చిప్పకి ముందువైపున బిగిస్తారు. మోకాలు వంచినప్పుడు విడదీయాలని చూసే లాగుడు, ఆ తీగవల్ల తిరగబడి, లోపలివైపు ముక్కల్ని ఒకదానికొకటి నొక్కుతుంది. అంటే కట్టు సరిగా ఉన్నప్పుడు, చెప్పినంత మేరకి వంచటం వల్ల విరిగినది అతుక్కోవటానికి సాయమే జరుగుతుంది. ఇది విన్నాక నా భయం సగం పోయింది. మిగతా సగం నొప్పి.

విశ్రాంతా, కదలికా అన్న తగాదా మా ఇంట్లో పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అని ఎముకల వైద్యుడుండేవాడు. దెబ్బతిన్న కీలుకి ఎంత విశ్రాంతి ఇస్తే అంత మంచిదని ఆయన నమ్మకం. దానికోసం కాలు కదలకుండా పట్టే చట్రాలు కనిపెట్టాడు. దాదాపు అదే కాలంలో ఫ్రాన్సులో లూకా షాంపియోనియేర్ అనే సర్జను, కాదు, మర్దనా కదలికా ఉండాలన్నాడు. ఆ తర్వాత చాలాకాలానికి, 1970లో, కెనడాలో టొరంటో నగరపు డాక్టర్ రాబర్ట్ సాల్టర్ కుందేళ్ళ మీద ప్రయోగాలు మొదలుపెట్టి, కీలు లోపలి మృదులాస్థి కదలిక ఉంటేనే బాగా మానుతుందని చూపించాడు. ఎముకకి నిలకడ కావాలి, కీలుకి కదలిక కావాలి. రెండూ ఒకే కాలిలో పక్కపక్కనే ఉన్నాయి. ఇక మనిషి ఏం చేస్తుంది పాపం!

మా కాగజ్‌నగర్‌లో ఈ విషయం డాక్టర్లకన్నా బాగా చెప్పగలవాళ్ళున్నారు. కాగితం పేరే ఊరి పేరైన ఊరు మాది. నిజాం కాలంలో 1938లో పుట్టి, 1942 నుంచి కాగితం తీసిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి నాలుగేళ్ళు పడుంది. 2018లో జేకే పేపర్ వాళ్ళ చేతికి వచ్చి మళ్ళీ కదిలింది. నన్ను చూడవచ్చిన రిటైరైన ఫిట్టరు ఒకాయన, కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడే అన్నాడు: "మిషను నడిస్తె అరుగుతదమ్మా. నడవకుంటె తుప్పు వడ్తది. అరిగినదాన్ని బాగుజేస్తం. తుప్పు వట్టినదాన్ని ఏంజేస్తం?" ఆ నాలుగేళ్ళు ఆయన పనిలేక ఇంట్లో కూర్చున్న మనిషి. ఆ మాట యంత్రం గురించే అన్నాడో, ఇంకేదైనా మనసులో పెట్టుకుని అన్నాడో అడగలేకపోయాను.

వ్యాయామాలు చూడబోతే నవ్వొస్తుంది. తువాలు చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని కిందకి నొక్కి, ఐదు లెక్కపెట్టి వదలాలి. కాలు నిటారుగా జానెడెత్తు లేపి నిలపాలి. మడమని పక్కమీద జార్చుకుంటూ దగ్గరకి లాక్కోవాలి. పాదం పైకీ కిందకీ ఆడించాలి. ఇంతే. పదిసార్లు చొప్పున, రోజుకి నాలుగు విడతలు. "ఇదీ ఒక కసరత్తేనా" అనుకున్నాను. తీరా మొదటిరోజు కాలు లేపబోతే లేవలేదు. బరువై లేవకపోవటం వేరు. నేను "లే" అంటున్నాను, ఆ కండరానికి ఆ మాట చేరటం లేదు, అంతే. దెబ్బ తగిలిన కీలుని కాపాడుకోవటానికి కండరం అలా అలుగుతుందట. నలభైయేళ్ళు నా మాట విన్న కాలు ఆవేళ ఎవరిదో పరాయి కాలులా పక్కమీద పడుంది. మూడోరోజు సాయంత్రం, బల్లార్షా వైపు పోయే రైలు కూత వేస్తుండగా, తొడ మీద చిన్న అల కదిలింది. మీరు నవ్వినా సరే, మా అబ్బాయి తొలిసారి బోర్లాపడ్డప్పుడు కూడా నేనంత సంబరపడలేదు.

వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. చేతిలో కోణాలు కొలిచే స్కేలు. "మేడమ్, ఇవాళ డెబ్భై రెండు" అని అంకె చెప్పి, మడమ పట్టుకుని ఇంకా వంచేది. నేను అరిచేదాన్ని. మా అత్తగారు పక్కగదిలోంచి "కసాయిదానివా ఏందే పిల్లా!" అని కేకేసేవారు. రాత్రి నేను పడుకున్నాక ఆవిడే మెల్లగా వచ్చి, మోకాలి కింద మెత్తని దిండు పెట్టి, "జర సుకంగ పండుకో బిడ్డా" అని వెళ్ళేవారు. ఆ దిండు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. మర్నాడు ఆ అమ్మాయి వచ్చి చూసి దిండు తీసేసేది. రాత్రంతా వంగి ఉంటే మోకాలు చివరిదాకా చాచటం రాకుండా పోతుంది, కుంటి మిగిలిపోతుంది. డెబ్భై ఏళ్ళ ప్రేమ పెట్టిన దిండుని పాతికేళ్ళ శాస్త్రం తీసిపారేస్తుంటే మధ్యలో నా కాలు.

ఇద్దరిలో ఎవరు దయగలవాళ్ళు? ఫలితాన్ని బట్టి ఆ అమ్మాయేనని చెప్పేయటం తేలిక. నేనంత తొందరగా ఒప్పుకోను. మేలు చేస్తున్నామనే నమ్మకంతో ఎదుటివాళ్ళని ఏడిపించినవాళ్ళు లోకంలో కొద్దిమందా? బడిలో బెత్తం పట్టిన మేష్టర్లూ, కోడళ్ళకి పని నేర్పిన అత్తగార్లూ అందరూ "నీ మంచికే" అన్నవాళ్ళే. ఆ అమ్మాయి దగ్గర నాకు నచ్చింది మరొకటి. ఇంకా వంచేముందు ప్రతిసారీ ఆగి "ఆపనా?" అనేది. నేను ఆపమంటే వెంటనే ఆపేది. ఆపి, "నొప్పా మేడమ్, భయమా?" అని అడిగేది. ఎంత చిత్రమైన ప్రశ్న! సగంసార్లు భయమే. అది నా నోటితో నేనే చెప్పేదాన్ని, చెప్పి నేనే వంచేదాన్ని. మా అత్తగారి దిండుకి గానీ, ఆనాటి బెత్తానికి గానీ ఈ ప్రశ్న తెలియదు. బాధ తప్పించేవాళ్ళయినా, బాధపెట్టేవాళ్ళయినా, అడగకుండా చేస్తే ఆ మోకాలు వాళ్ళదైపోయినట్టే.

తిరుమలకి నడిచివెళ్ళే దారిలో మోకాళ్ళ పర్వతం ఉంది. ఆ కొండ మీద పాదం మోపటం అపచారమని రామానుజులవారు అక్కడ మోకాళ్ళతో ఎక్కారని ఐతిహ్యం. ఈనాటికీ అక్కడి మెట్లు మోకాళ్ళతో ఎక్కే ఆడవాళ్ళని చూస్తాం. వాళ్ళనెవరూ "పాపం" అనరు. ఆ నొప్పి వాళ్ళు మొక్కుకున్నది. అదే నొప్పి ఇంకొకరు విధిస్తే శిక్ష అవుతుంది. నొప్పి మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు దొరకదు.

ఇక్కడ ఆడవాళ్ళ ఓర్పు గురించి ఒకమాట. "నీకు ఓర్పెక్కువమ్మా" అన్న మెచ్చుకోలు మనలో వినని వాళ్ళుండరు. ఆ ఓర్పు ఎక్కడెక్కడ ఖర్చుపెడతామో ఎప్పుడైనా లెక్క చూసుకున్నారా? మా వీధిలో ఒక టీచరమ్మకి నాలాగే చిప్ప విరిగింది. ఆపరేషనైన ఇరవయ్యో రోజున చేతికర్ర స్టవ్ గట్టుకి ఆనించి ఇంటిల్లిపాదికీ పూరీలు వత్తింది. కాలు వాచి చెంబులా అయినా పళ్ళబిగువున నిలబడింది. ఆవిడే రోజుకి నాలుగుసార్లు పావుగంట పడుకుని కాలు లేపటానికి మాత్రం సిగ్గుపడింది. "ఇంటినిండా మనుషులు తిరుగుతుంటే నేను కాళ్ళు లేపుకుంటూ ఎట్ల పండుకోను?" అంది. ఆమె మోకాలు సగం దగ్గరే ఆగిపోయింది. అందరికోసం పడే నొప్పి మనకి గౌరవం. మనకోసం పడే నొప్పి సోకు. ఈ లెక్క మనకి ఎవరు నేర్పారో గానీ గట్టిగా నేర్పారు.

నయం కావటమంటే ఎంతమేరకు అన్నది ఇంకో తగువు. చదునైన నేలమీద నడవటానికి మోకాలు అరవై, డెబ్భై డిగ్రీలు వంగితే చాలు. మెట్లెక్కి దిగటానికి తొంభై దాకా కావాలి. నాకు తొంభై అయిదు వచ్చిననాడు మావారు "ఇంకేం, కుర్చీలో కూర్చోగలుగుతున్నావు, అయిపోయినట్టే" అన్నారు. నిజమే, ఆయన రోజంతా కుర్చీనుంచి కుర్చీకి జరుగుతుంది. కింద బాసింపట్టు వేసుకోవాలంటే, మావైపు సక్లముక్లం అంటారు, నూటపది దాటాలి. గొంతుక్కూర్చోవాలంటే ఇంకా చాలా పైన. ముగ్గు వెయ్యటానికీ, నేలమీద పీటవేసుకుని పూజ చేసుకోవటానికీ, పల్లెలో పుట్టింటికి వెళ్తే పెరటి దొడ్డికీ, ఎంగిలిపూలనాడు కింద కూర్చుని గునుగుపూలు, తంగేడుపూలు పళ్ళెంలో పేర్చటానికీ ఆ పైడిగ్రీలన్నీ కావాలి. ఇల్లు ఆడవాళ్ళ మోకాళ్ళని ఎక్కువ వంచుతుంది, అవి తక్కువ వంగినా "చాల్లే" అంటుంది.

ఈ పదమూడు వారాల్లో కనీసం ఏడుగురు నాకు 'మయూరి' సినిమా చూడమని చెప్పారు. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్, జైపూర్ కాలు పెట్టుకుని మళ్ళీ నాట్యం చేసింది. సింగీతం శ్రీనివాసరావుగారు 1985లో తీసిన ఆ సినిమాలో తన కథలో తనే నటించింది. ఆమె ముందు తలవంచని వాళ్ళుండరు. ఆ జైపూర్ కాలు కథ ఇంకా గొప్పది. 1968లో డాక్టర్ సేథీ, శిల్పి రామచంద్రశర్మ కలిసి తయారుచేశారు. నేలమీద కూర్చునే, చెప్పుల్లేకుండా బురదలో దిగే మన జనాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది. అంతా బాగానే ఉంది. కానీ మంచంలో ఉన్న ప్రతివాళ్ళకీ ఆమెని చూపించి "నువ్వూ ఉన్నావు" అనటం ఏం న్యాయం? విజయం సాధించని కాళ్ళు కూడా కాళ్ళే. ఎవరూ చప్పట్లు కొట్టకుండా నూటపది దగ్గర ఆగిపోయే హక్కు ఎవరికైనా ఉండాలి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా తొలిచిన సంగతి ఇంకా చెప్పలేదు. నేను కాలు లేపుతూ అంకెలు లెక్కపెడుతున్న ఆ గంటలో గిన్నెలు తోమిందెవరు? మా ఇంట్లో పనిచేసే ఆమె. ఆమె గిన్నెల ముందు చిన్న స్టూలు మీద కూర్చుంటుంది, ఎడమకాలు ముందుకి బారచాచి. మా ఇంటికి రాకముందు, పత్తి ఏరబోయి చేలో గట్టుమీంచి పడి ఆమెకీ మోకాలి చిప్పే విరిగింది. ఊళ్ళో కట్టు కట్టించారు. గుడ్డుసొన, పసరు, వెదురు బద్దలు. తిరుపతి దగ్గర పుత్తూరు కట్టు ఇలాంటిదే, దానికి దేశమంతా పేరుంది. చేతి ఎముకో ముంజేయో కదలకుండా అతకటానికి బద్దలు పనికొస్తాయి. ముక్కల్ని కండరమే లాగేసే చోట బద్దలేం చేస్తాయి? పైగా నెల తిరక్కుండానే ఆమె మళ్ళీ పత్తిచేలో ఉంది. ఇప్పుడా మోకాలు ఒక మేర దాటి వంగదు.

మిల్లులో బీమా ఉన్న కార్మికుడికి జబ్బుచేస్తే, 1948లో చట్టంగా వచ్చిన ఈఎస్ఐ కింద ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇంటికి వస్తుంది. మా ఊళ్ళో ఈఎస్ఐ ఆస్పత్రి కూడా ఉంది. 91 రోజులంటే సరిగ్గా 13 వారాలు. మోకాలు మళ్ళీ మనదవటానికి కనీసం అంత కాలం కావాలని ఆ చట్టం రాసినవాళ్ళకి తెలిసే రాసినట్టుంటుంది. ఆ కార్మికుడి భార్య మందులకి ఆ ఆస్పత్రికి వెళ్ళవచ్చు. ఆమె వంటింటికి మాత్రం సెలవు లేదు. ఇక పత్తిచేలో పడ్డ మనిషికీ, గిన్నెలు తోమే మనిషికీ ఏ రిజిస్టరులోనూ ఆ 91 రోజులు లేవు. నొప్పి హద్దు ఎవరు నిర్ణయించాలని పెద్దప్రశ్న వేశాను కదా. "ఆపనా?" అని అడిగేవాళ్ళుండటం కూడా జీతం ఆగని ఇంట్లోనే సాధ్యం.

ఒకరోజు ఆమెతో అన్నాను, "రోజూ అరగంట ముందు పని ఆపెయ్యి, జీతం తగ్గించను. నా పక్కన పడుకుని నువ్వూ ఇవి చెయ్యి. పూర్తిగా రాకపోయినా ఆ అమ్మాయి చూసి ఎంతవరకు వస్తుందో చెబుతుంది" అని. ఆమె పగలబడి నవ్వింది. "కాలు లేపితె పైసలిస్తరా అమ్మా? గట్లయితె మా వాడకట్టోళ్ళందరు అస్తరు" అంది. నవ్వు ఆపి, "మీ కాలు మంచిగయినంక గూడ గిట్లనే ఇస్తరా?" అంది.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఆమె కూడా జవాబుకోసం నిలబడలేదు, బక్కెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత తనే ఎత్తింది. "కాలు సంగతి ఇడిసిపెట్టుండ్రి అమ్మా. అది గట్లనే ఉంటది, దానితోని నాకు అలవాటయింది. నెలకు నాలుగు రోజులు సుట్టీ ఇయ్యిండ్రి. పైసలు కొయ్యకుండ. ఆ నాలుగు రోజులు ఏంజేస్తనో నా ఇష్టం."

మా అత్తగారు "పింఛను గూడ అడుగకపోయినవ్" అన్నారు. మావారు పేపరు చాటునుంచి ఏమీ అనలేదు. నేను సరేనన్నాను. అన్నాక కాస్త నిరాశ కూడా కలిగింది, దాచటమెందుకు. నేను ఇవ్వాలనుకున్నది వంగే మోకాలు, ఆమె అడిగింది వంగని మోకాలితోనే బతకటానికి నాలుగు రోజులు. ఆ మోకాలు ఆమెది.

మొదటి సెలవునాడు ఆసిఫాబాద్ పక్కన కూతురి ఊరికి బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆవేళ ఆమె స్టూలు మీద నేను కూర్చున్నాను, కుడికాలు చాచుకుని. మావారు కడిగిన గిన్నెలు అందుకుని బోర్లించటానికి ఒప్పుకున్నారు. నాలుగు గిన్నెలయ్యాక నడుం పట్టిందన్నారు. అడుగంటిన పాలగిన్నె మాత్రం ఎవరివల్లా కాలేదు. నీళ్ళు పోసి, ఆమె వచ్చేదాకా నానబెట్టి ఉంచాం.